మూడణాల విల్లు

నా తెలివితక్కువతనం గురించి ఎవరైనా అడిగితే చూపించడానికి నా దగ్గర సరుకు చాలానే ఉంది గాని, అందులో మేలురకం ఏదంటే విల్లుల సంగతే చెప్పాలి. పంతొమ్మిదేళ్ల వయసులో నేను నలభై విల్లులు చేశాను. వాటిని వంచడం వచ్చు, రంగులద్దడం వచ్చు, నారి బిగించడం వచ్చు. ఎవరైనా "ఎంతండి?" అని అడిగితే ఒక్క మాట చెప్పడం రాలేదు. విల్లుకీ వెలకీ అక్షరాల్లో చూస్తే దూరం ఎంతో లేదు. నాకు మాత్రం అది దాటడానికి ఏడాది పట్టింది, ఆ ఏడాదిలో నా మూలంగా ఒక మనిషి ఊరు విడిచిపోయాడు. పాతకాలపు కావ్యాల్లో వింటినారిని గుణం అంటారు. నా విల్లులన్నిటికీ గుణం ఉండేది. చేసినవాడికే లేకపోయింది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, కిందటి వారం ధవళేశ్వరం నుంచి ఒకతను వచ్చి వీరాచారిగారు పోయారని చెప్పాడు. అరుగు మీద కూర్చోమంటే కూర్చోలేదు. మజ్జిగ తాగి, చెంబు కడిగి బోర్లించి వెళ్లిపోయాడు. నేను నూతి దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. మావాళ్లు కారు గనక మైల లేదు, స్నానం అక్కర్లేదు. చేద చేతిలోకి తీసుకున్నాను, కాసేపు పట్టుకున్నాను, ఎక్కడిది అక్కడ పెట్టేసి వచ్చాను. భోజనాల దగ్గర వంకాయ కూరలో ఉప్పు తగ్గిందని మా ఆవిడ అంటే, అవునా అన్నాను. దుఃఖం వస్తుందేమోనని రెండు రోజులు చూశాను. రాలేదు. మూడోరోజు ఈ కాగితాలు తీసి ముందు పెట్టుకున్నాను.

బతికున్నంతకాలం ఆయన్ని నేను "ఆచారీ" అనే పిలిచాను. ఆయన నాకంటే పాతికేళ్లు పెద్ద. కరణంగారి అబ్బాయి అలా పిలవడం ఆ రోజుల్లో ఎవరికీ తప్పుగా తోచలేదు, నాకసలే తోచలేదు. ఈ "గారు" ఇప్పుడు చేరుస్తున్నాను. మనిషి పోయాక పెంచిన జీతం లాంటిది ఇది, ఎవరి చేతికీ అందదు. మా ఊరు గౌతమి గట్టుకి దగ్గరగా, ఆత్రేయపురానికి నడిచి వెళ్లేంత దూరంలో ఉండేది. ఊరి నాగళ్లు, బండిచక్రాలు, తలుపులు, ఏతాలు అన్నీ ఏడాది పొడుగునా ఆచారిగారే చూసేవారు. దానికి డబ్బు ఇవ్వడమనేది లేదు. కోతలయ్యాక కళ్లం దగ్గరికి వెళ్లి నిలబడితే, రైతు మేర కింద ఇన్ని కుంచాలని కొలిచి పోసేవాడు. ఎన్ని కుంచాలన్నది రైతు నోట రావలసిందే. నాకింత కావాలని ఆచారిగారు అడగడం మా ఊరి వాడుకలో లేదు. ఒక్క దసరాకి మాత్రం సంగతి వేరు.

దసరాకి బడిపిల్లలందరూ కొత్తబట్టలు కట్టుకుని, చేత విల్లు పట్టుకుని, పంతులుగారి వెనక ఇంటింటికీ వెళ్లి పద్యాలు చదివేవారు. ఆ విల్లుకి నడుమ చిన్న గిలక ఉంటుంది. నారి లాగి వదిలితే గిలక నోరు తెరుచుకుని, అందులో పోసిన బుక్కాపొడీ పూలరేకులూ ఇంటివాళ్ల మీద చిందుతాయి. వాళ్లు నవ్వుతూ దులుపుకుని, పిల్లలకి పప్పుబెల్లాలూ పంతులుగారికి దసరా మామూలూ ఇస్తారు. ఆ విల్లులు ఆచారిగారు చేసేవారు. ఒక్కోటి మూడణాలు. పెద్దరైతు అడిగినా మూడణాలే, పాలేరు అడిగినా మూడణాలే. "రెండున్నరకివ్వవోయ్" అని ఎవరైనా అంటే "ఆయ్, అలాగేనండి, అర అణా విరిచి ఇస్తానండి" అని విల్లు మోకాలికి ఆనించేవారు. ఏడాది మొత్తంలో ఆయన తన నోటితో తాను చెప్పే ధర అదొక్కటే. ఆ డబ్బుతోనే ఇంటికి తాటాకు మార్పించుకునేవారు, కోతలదాకా గింజలు కొనుక్కునేవారు. ఇది నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

నేను ఆ పనిలోకి ఎలా దిగానంటే, మెట్రిక్యులేషన్ పరీక్షకి రెండుసార్లు రాజమండ్రి వెళ్లాను, రెండుసార్లూ పరీక్షే నెగ్గింది. మా నాన్నగారు నాతో మాట్లాడడం తగ్గించి, భూముల లెక్కలతో మాట్లాడడం పెంచారు. ఇంట్లో నాకు పనేమీ లేదు. తెల్లవారుజామున మామ్మ పెరట్లో పొయ్యి రాజేసిన పొగ, తర్వాత తడిపేడ వాసన, తర్వాత నాన్నగారి సంధ్యావందనం, తర్వాత ఎండ దొడ్డిగోడ మీద మూడో ఇటుకదాకా దిగితే చద్దన్నం. మామ్మకి ఆ గోడే గడియారం. ఆ గోడ చూస్తూ ఉండడం కంటే ఎక్కడికైనా పోవడం నయమనిపించి, కాలవ అవతల ఉన్న ఆచారిగారి పాకలోకి వెళ్లి కూర్చునేవాణ్ణి. ఆయన పొమ్మనలేదు. నాలుగోరోజున ఒక పోకమాను బద్ద చేతికిచ్చి "ఊరికే కూర్చుంటే చేతులకి చెద పడుతుందండి, దీన్ని గీకుతా ఉండండి" అన్నారు.

పోకమాను బద్దని వారం రోజులు కాలవ బురదలో నానబెట్టాలి. తర్వాత నీడన ఆరబెట్టాలి. ఊకమంట మీద కాస్త కాస్తగా కాచి, ఏ వైపు వంగుతానంటే ఆ వైపే వంచాలి. మొదట నేను వంచినవన్నీ పుటుక్కుమన్నాయి. పదకొండోది వంగింది. ఆ తర్వాత చేతి తిరుగుడు మీద, అంటే తాడుతో తిప్పే చిన్న చట్రం మీద, గిలకకి లక్కరంగు పట్టించడం, ఆ లక్క వేడెక్కినప్పుడు పాకంతా కమ్మే తియ్యటి మాడువాసన, అదంతా నాకు పట్టుబడింది. మెరిసే కాకిబంగారం రేకులు అంటించడానికి జిగురు కావాలంటే ఇంటికి పరుగెత్తేవాణ్ణి. మామ్మ చింతగింజలు పారెయ్యకుండా కుండలో దాచేది. వేయించి, నానబెట్టి, రుబ్బి, ఉడికించి ఇచ్చేది, ఇస్తూ తిట్టేది. "కరణం కొడుకు కర్రలు గీకడమేంట్రా? ఆ చేత్తో నన్ను ముట్టుకోకు, కాళ్లు కడుక్కో. జిగురు ఇంకాస్త చిక్కబడాలి, ఆగు." కర్ర ఆచారిగారిది, లక్క ఆచారిగారిది, తిరుగుడు ఆచారిగారిది. జిగురూ సరదా మాత్రమే నావి.

మా అమ్మ తమ్ముడు బుచ్చిమావయ్య మా ఊరి బడిపంతులు. ముక్కుపొడి పీల్చి, తుమ్ము రాబోయే ముందు ఒక మాట అడిగేవాడు. అవతలివాడు జవాబు వెతుక్కునేలోగా తుమ్మేవాడు, తుమ్ము అయ్యేసరికి ఆ మాట ఖాయమైపోయినట్టే. భాద్రపదంలో ఒకరోజు మా వసారాలో వేలాడుతున్న నా విల్లులు చూశాడు.

"ఏరా కామేశం, ఇవి నువ్వే చేశావురా?"

"అవును మావయ్యా."

"ఔరా! చదువెలాగూ... సర్లే, ఇదైనా అబ్బింది. ఈ ఏడు మన బడి మొత్తానికి నువ్వే చేసెయ్. మనింటి కుర్రాడు చేసిన విల్లులు పట్టుకుని పిల్లలొస్తుంటే ఎంత దర్జాగా ఉంటుంది!"

"మరి ఆచారి సంగతో?"

"ఆచారికేంట్రా, ఊరంతా అతని పనే కదా" అని తుమ్మాడు.

నన్ను ఎవరైనా మెచ్చుకుని అప్పటికి రెండేళ్లయింది. ఇరవై ఎనిమిది రోజులు నేను ఆచారిగారి పాకలోనే, ఆయన పక్కనే కూర్చుని విల్లులు చేశాను. ఆయన కూడా చేస్తున్నారు, ఏటా చేసినట్టే. నావి ఎవరి కోసమని ఆయన అడగలేదు. సరదా కోసమని ఆయన అనుకుంటున్నారని నాకు తెలుసు. చెప్పాలని నోరు తెరిచి, రెండుసార్లు లక్కరంగు అడిగాను. ఆయన రెండుసార్లూ ఇచ్చారు.

పండగకి ముందు జనం మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. మొదట వచ్చింది సత్తెయ్య, మా పొలం పక్క రైతు. విల్లు అటూ ఇటూ తిప్పి చూసి, నారి మీటి, సంతోషించి, "ఎంతిమ్మంటారండి అబ్బాయిగారూ?" అన్నాడు.

మూడణాలని నాలిక చివరిదాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది. కరణంగారి వసారాలో నిలబడి, ఒక రైతు ముఖం చూసి, ఇన్ని అణాలని ఎలా అనడం? ధర చెబితే నేను చేసింది పని అవుతుంది, చెప్పకపోతే ముచ్చట అవుతుంది. "అబ్బే, ఏముందండి, మీకు తోచింది ఇవ్వండి" అన్నాను.

"తోచిందంటే ఎలాగండి? ఆచారి మూడణాలంటాడు."

"అబ్బే అబ్బే, నేనేమైనా ఆచారినా అండి?"

ఈ మాట అన్నది నేనే. ఎవరూ నాచేత అనిపించలేదు. సత్తెయ్య కాసేపు తల గోక్కుని, "అయితే పంతులుగారి మామూల్లో కలిపేస్తాలెండి" అని విల్లు భుజాన వేసుకుని పోయాడు. మాట ఊరంతా పాకింది. కరణంగారబ్బాయి విల్లులు ఊరికే ఇస్తున్నాడట, తోచింది పంతులుగారికి ఇచ్చుకుంటే చాలునట. రెండు రోజుల్లో నలభై విల్లులూ ఇల్లు కదిలాయి. ఆ దసరాకి బుచ్చిమావయ్యకి ఎన్నడూ రానంత మామూలు వచ్చింది, ఒక కొత్త ఉత్తరీయం కూడా వచ్చింది. నాకు ఆత్రేయపురం నుంచి ఎనిమిది పూతరేకులు తెచ్చిపెట్టాడు. నలభై విల్లులకి ఎనిమిది పూతరేకులు. మామ్మకి ఒకటి, అమ్మకి ఒకటి ఇచ్చి మిగతావి నేనే తిన్నాను. నోట్లో పెట్టుకుంటే ఏమీ మిగలలేదు.

దశమినాడు ఆచారిగారి పాకలోకి వెళ్లాను. పనిముట్లు కడిగి, పసుపు రాసి, పూజకి పెట్టారు. వెనక దండెం నిండా ఆయన విల్లులు వేలాడుతున్నాయి, యాభై దాకా. వాటికీ బొట్టు పెట్టారు. నన్ను చూసి, కూర్చోవడానికి పీట జరిపారు. ఏమైనా అంటారేమోనని ఎదురు చూశాను. "మీ గిలకలు బాగా కుదిరాయండి" అన్నారు. అంతే. వడపప్పు పెట్టారు, తిన్నాను. కార్తీకంలో వాన ముసురుకి పాక కప్పు ఒక మూల దిగబడింది. ఒకరోజు అటు వెళ్తుంటే లక్క కాలుతున్న వాసన వచ్చింది, గిలకలకి రంగు పట్టిస్తున్నారనుకున్నాను. లోపల ఆయన భార్య పొయ్యిలో విల్లులు విరిచి పెట్టి గంజి కాస్తోంది. ఎర్రది, పచ్చది, మళ్లీ ఎర్రది. ఆవిడ నన్ను చూసి కొంగు సర్దుకుని, మంట ఎగదోసింది. నేను ఇంటికొచ్చి చద్దన్నం తిన్నాను. నాకేమీ అనిపించలేదు. ఇప్పటికీ ఆ పూట ఏమనిపించిందని నన్ను నేను అడిగితే, గోడ మీద ఎండ ఏ ఇటుక దగ్గరుందో చెప్పగలను గాని ఇంకేమీ చెప్పలేను. నెల తిరక్కుండా ఆచారిగారు పాక మూసి, ధవళేశ్వరంలో ఆనకట్ట పనుల కర్ఖానాలో రోజుకూలికి చేరారు.

ఇప్పుడు నేను రాజమండ్రిలో ఉంటున్నాను. తాలూకా కచేరీలో రాతపని చేసి, చేసి, మానేశాను. గోదావరి మీద రైలు వంతెన పడింది. అది దాటుతుంటే పడవలు కింద చీమల్లా కనిపిస్తాయి. మా మనవలు చదివే బడిలో దసరాకి సెలవిస్తారు గాని ఇంటింటికీ తిప్పరు. బజార్లో విల్లులు అమ్ముతారు, కాగితం గిలకలవి, ఒక దసరా కూడా నిలవవు. అయినా వాటికి ధర ఉంది, కొట్టువాడు మొహమాటం లేకుండా చెబుతాడు, నేను మారుమాట లేకుండా ఇస్తాను. కూరలమ్మే వాళ్లకి నేనంటే మహా ఇష్టం. మా ఆవిడకి నన్ను బజారుకి పంపడమంటే మహా భయం. మొదట ఎంతంటే అంత ఇచ్చేస్తానని ఆవిడ బాధ. ఒక మనిషి తన పనికి తానే ధర చెబుతుంటే నాకు బేరమాడే నోరు రాదు. అప్పుడూ ఇప్పుడూ నోరే నా జబ్బు.

ఆచారిగారు ఊరు విడిచిన మరుసటేడు, వరదలు తీసిన తర్వాత, పడవ మీద బొబ్బర్లంక వెళ్లి, అక్కడ రేవు దాటి ధవళేశ్వరం చేరాను. కర్ఖానా బయట మధ్యాహ్నం గంట కొట్టేదాకా నిలబడ్డాను. ఆచారిగారు మూట విప్పుకుంటూ బయటికి వచ్చి, నన్ను చూసి, ఏమీ జరగనట్టే "ఏంటండి బాబుగారూ, ఇంత దూరమొచ్చారు?" అన్నారు. లాకుల తలుపులకి దూలాలు చెక్కుతున్నారట. కూలి సరిగ్గా ఇస్తున్నారట. "ఇక్కడ ధర చెప్పే బాధ లేదండి. వాళ్లే చెబుతారు, మనం తలూపడమే" అన్నారు. నవ్వలేదు, నిష్ఠూరమూ ఆడలేదు. క్షమించమని అడగడానికి వెళ్లినవాణ్ణి, అది అడగడమూ చేతగాక, "ఆచారీ, విల్లుకి మూడణాలని ఎలా కట్టావు?" అని అడిగాను.

ఆయన అన్నం ముద్ద చేతిలో పట్టుకునే చెప్పారు. "కర్రకి ఇంత, లక్కకి ఇంత వేసుకోవాలండి. విరిగిపోయినవాటి కర్ర కూడా నిలిచినవాటి మీదే వెయ్యాలి, లేకపోతే అది ఎవరిస్తారండి? తర్వాత రోజుకి నా ఇంట్లో ఎన్ని గింజలు ఉడుకుతాయో చూసుకోవాలి. అన్నీ కలిపాక అందులోంచి సిగ్గు తీసెయ్యాలండి. మాకు తీసెయ్యక తప్పదు. మీకు ఆ అవసరం లేదు గనక తీసెయ్యలేదు, అంతే." ముద్ద నోట్లో పెట్టుకుని, "పోకబద్దలు మాఘంలో కొట్టిస్తే పగలవండి" అని కూడా చెప్పారు.

డబ్బు సంగతి ఇక్కడే చెప్పేస్తాను, దానితో ఈ కథ ముగించడం నాకిష్టం లేదు. ఆ ఏడు దసరాకి నాకు వచ్చిన విల్లుల డబ్బు గుడ్డలో కట్టుకుని మళ్లీ ధవళేశ్వరం వెళ్లాను. ఆచారిగారు ముట్టుకోలేదు. "మీరు చేసిన విల్లులండి, నా డబ్బెలా అవుద్దండి? ఆ మూడణాల మాట పోయినేడు మీ నోట వచ్చుంటే బాగుండేదండి" అన్నారు. గట్టిగా కూడా అనలేదు. ఆయన తిరిగి మా ఊరు రాలేదు. నేను మళ్లీ విల్లు చెయ్యలేదు.

ఇక ఆ దసరా. ఊళ్లో విల్లులు చేసేవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. బుచ్చిమావయ్య కిందటేటి ఉత్తరీయం వేసుకుని వచ్చి, "ఈ ఏడు యాభై కావాలిరా" అని తుమ్మాడు. "అలాగే మావయ్యా" అన్నాను. మా తోటలో గాలికి పడిన పోకమాను చీల్పించి, లక్క రాజమండ్రి నుంచి తెప్పించి, యాభై చేశాను. పండగనాడు పొద్దున్నే బడిలో పిల్లల చేతికి నేనే ఇచ్చాను. పిల్లలు బయల్దేరారు, ముందు మావయ్య, చివర నేను. "నువ్వెందుకురా ఎండలో?" అన్నాడు. "చూడముచ్చటగా ఉంటుందని మావయ్యా" అన్నాను.

మొదటి ఇల్లు సత్తెయ్యది. పద్యాలయ్యాయి, బుక్కాపొడి చల్లారు, సత్తెయ్య మీసాలు గులాబీరంగుకి తిరిగాయి. అతను పళ్లెంలో పావలా పెట్టాడు. నేను పిల్లల్ని దాటుకుని ముందుకెళ్లి, గుమ్మం ఎదుట నిలబడి, "విల్లు మూడణాలండి" అన్నాను.

నా చెవులు వేడెక్కాయి గాని మాట మాత్రం బయటికి వచ్చేసింది, ఇక లోపలికి పోదు.

"పోయినేడు మీరే తోచింది ఇవ్వమన్నారు కదండీ?" అన్నాడు సత్తెయ్య.

"పోయినేడు నాకు చెప్పడం చేతకాలేదండి. మూడణాలు. ఆచారి చెప్పిన ధరే."

"ఒరే, నీకేమైనా మతిపోయిందా?" అన్నాడు మావయ్య మెల్లిగా, పళ్ల మధ్య నుంచి.

సత్తెయ్య మర్యాదస్తుడు. గుమ్మంలో పంతులుగారితో తగువు పెట్టుకోడు, రెండోసారి రొండిన చెయ్యీ పెట్టడు. "దానికేముందండి, ఆ పావలాలోంచే అబ్బాయిగారికి మూడణాలిచ్చెయ్యండి పంతులుగారూ, మిగిలింది తమరికి" అన్నాడు. మావయ్య చేతిలో ఒక అణా మిగిలింది. పక్కింట్లోనూ అదే అన్నాను, వాళ్లూ అదే అన్నారు. మూడో ఇంటికి మేమింకా చేరకముందే మాట చేరిపోయింది. నేను నోరు తెరవకుండానే ఆ ఇల్లాలు "మూడణాలూ ఇందులోవే తీసుకోండి బాబూ" అంది. మావయ్య ఎండలో నడుస్తున్నాడు, ముక్కుపొడి డబ్బీ తియ్యలేదు, ఆ వేళంతా ఒక్క తుమ్మూ రాలేదు.

వాడుక ప్రకారం చివరికి పంతులుగారి ఇంటికే వెళ్లాలి. మా అత్తయ్య హారతిపళ్లెం పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. పిల్లలతో పాటు మావయ్య కొడుకు కూడా విల్లు పట్టుకుని నిలబడ్డాడు. పద్యం అయింది.

"అత్తయ్యా, వీడి విల్లు మూడణాలు" అన్నాను.

అత్తయ్య మావయ్య ముఖం చూసింది, నా ముఖం చూసింది, మావయ్య వైపు తిరిగి, "ఏమండీ, ఇచ్చెయ్యండి మరి. ఇంటింటా ఇచ్చారట కదా, మనం ఇవ్వకపోతే ఏం బాగుంటుంది? పిల్లలు ఎండలో నిలబడ్డారు" అంది.

మావయ్య ఉత్తరీయం చెంగు ముడి విప్పాడు. అందులోంచి చిల్లర ఏరి, నా అరచేతిలో పడేశాడు. యాభైమంది పిల్లలు చూస్తుండగా నేను తొందర లేకుండా ఎంచుకున్నాను.

"మావయ్యా, ఒక కాని తక్కువుంది" అన్నాను.

ఇచ్చాడు.